వాగు కట్ట మీద ఎర్ర నంబర్లు

మున్సిపాలిటీ వాళ్ళు మా గోడ మీద ఎర్ర రంగుతో నంబరు వేస్తుంటే నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆ నంబరు ఎందుకు వేస్తున్నారో కట్ట మీద అందరికంటే నాకే ఎక్కువ తెలుసు. అయినా భయమేసింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. మాది గుంటూరు జిల్లాలో మిరపకాయల మీదా పత్తి మీదా బతికే చిన్న పట్టణం. ఊరికి పడమట వాగు ఉంది. ఆ వాగు కట్ట మీద, కట్ట లోపలి వాలులో మా ఇళ్ళు. మట్టి గోడలు, తాటాకు కప్పులు, కాస్త కలిగినవాళ్ళకు రేకులు. మా ఆయన లారీలకు పత్తి కుక్కిన బోరాలు ఎత్తే పనికి పోయేవాడు. నేను కాయల సీజనులో కోల్డ్ స్టోరేజీ దగ్గర తొడిమలు తీసేదాన్ని. పదో తరగతి దాకా చదివానని మా మహిళా సంఘానికి నన్ను లీడరును చేశారు. మున్సిపాలిటీకి కట్ట మీద ఏ పని పడినా నాకే కబురు వచ్చేది.

మా అత్త మాతోనే ఉండేది. నీటికాసులు వచ్చి ఆమెకు చూపు పూర్తిగా పోయింది. పోయిందని ఎవరైనా జాలిపడితే మాత్రం ఊరుకునేది కాదు. గోడ తడుముకుంటూ వాకిట్లోకి వచ్చేది. వాకిట్లో నుంచి బోరింగు దాకా మా ఆయన ఒక తాడు కట్టాడు. ఆ తాడు పట్టుకుని వెళ్ళి చెంబెడు నీళ్ళు తెచ్చుకునేది. పొయ్యి ఎక్కడ, ఉప్పు ఎక్కడ, మంచం కోడు ఎక్కడ, అన్నీ ఆమె చేతికి తెలుసు. ఎవరైనా పీట జరిపితే ఇల్లు లేచిపోయేటట్టు అరిచేది.

ఆ ఏడు ఎండాకాలంలో కమిషనర్ గారు పేటల లీడర్లందరినీ పిలిపించారు. పేదలకు పక్కా ఇళ్ళు కట్టే పథకం మా మున్సిపాలిటీకి వచ్చిందని, ముందుగా వాగు కట్ట వాళ్ళకే ఇవ్వాలని అనుకుంటున్నామని చెప్పారు.

"ఎన్ని కుటుంబాలున్నాయో, ఏ ఇంట్లో ఎవరున్నారో ముందు చూడాలమ్మా. మా వాళ్ళు వస్తారు. మీరు వెంట ఉండి ఇళ్ళు చూపించండి. మేము ఒక్కళ్ళమే వస్తే జనం భయపడతారు" అన్నారు.

సరేనన్నాను. ఆఫీసు మెట్లు దిగేటప్పుడు సంతోషంగానే ఉంది. బస్టాండు దాటేసరికి సంతోషం పోయింది. ఇళ్ళు కడతామన్నారు గానీ ఎక్కడ కడతారో చెప్పలేదు. నేను అడగలేదు. కట్ట మీదికి వచ్చాక అందరూ అడిగింది ఆ ఒక్క మాటే.

నంబర్లు వేయడానికి వచ్చింది ఒక పెద్దాయన, ఆయనతో ఇంకొకతను. పెద్దాయన టేపు పట్టి కొలిచేవాడు, రెండో అతను కుంచెతో గోడ మీద అంకె వేసేవాడు. ఆ అంకెలు ఇంకా ఆరకముందే వెనకాల ఆడవాళ్ళు గుమిగూడేవాళ్ళు. మా ఇంటికి వచ్చేసరికి అత్త గోడ తడుముకుంటూ బయటికి వస్తోంది. ఆమె చెయ్యి నేరుగా తడి రంగు మీద పడింది.

"ఇదేందే, గోడ జిగురుగా ఉంది?" అంది.

"నంబరు వేశారత్తా. ఇళ్ళు ఇస్తారంట."

"ఉన్న ఇంటికి నంబరెందుకే?"

అంతలో మా పక్కింటి అన్న అందుకున్నాడు. సామాన్ల రిక్షా తొక్కేవాడు, భారీ మనిషి, గొంతు కూడా అంతే. వాళ్ళ ఇంటికీ మా ఇంటికీ ఒకటే గోడ.

"ఏమ్మా లీడరమ్మా, రోడ్డు మీద చెట్లకు రంగు ఎప్పుడేస్తారో చూశావా? కొట్టేసే ముందేస్తారు" అన్నాడు.

అక్కడున్నవాళ్ళెవరూ నవ్వలేదు. టేపు పట్టుకున్న పెద్దాయన తల వంచుకుని పక్క గోడ దగ్గరికి వెళ్ళాడు. అత్త తన అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంటూ అలాగే నిలబడింది.

ఆ రోజు నుంచి కట్ట మీద భయం కాపురం పెట్టింది. కొత్త బైపాసు వైపు ఇళ్ళు కూల్చారని ఒకరు, కూల్చే మిషను మన ఊరు వచ్చేసిందని, రైలు స్టేషను వెనక పెట్టారని ఇంకొకరు. చూసినవాళ్ళు ఎవరూ లేరు. అందరూ విన్నవాళ్ళే. ఇసుక లారీ వెనక్కి వస్తున్నా, దూరాన ట్రాక్టరు గేరు మార్చినా ఆడవాళ్ళు చేతిలో పని వదిలేసి వాకిట్లోకి వచ్చేవాళ్ళు. నేనూ వచ్చేదాన్ని. అన్నం వండుతూ గిన్నెలు చప్పుడు కాకుండా పెట్టడం అలవాటైంది. ఆ చప్పుడులో బయటి చప్పుడు వినపడదేమోనని.

తొడిమలు తీసే చోట నేను వచ్చి కూర్చుంటే మాటలు ఆగిపోయేవి. కాయల ఘాటుకు అందరం ముక్కుకు గుడ్డ కట్టుకుని కూర్చుంటాం. కళ్ళు మాత్రమే కనపడతాయి. ఆ కళ్ళు చాలు. నేను మున్సిపాలిటీ మనిషినని, నాకు ముందే ఇల్లు రాసి పెట్టారని అనుకుంటున్నట్టు తెలిసేది. సంఘంలో నాకు దగ్గరైన ఒకామె గుడ్డ తీసి సూటిగా అడిగేసింది.

"నిజం చెప్పు. మిషను ఎప్పుడొస్తది?"

"మిషను రాదక్కా. ఇళ్ళు కట్టాకే మనల్ని కదుపుతామన్నారు."

"ఎక్కడ కడతారంట?"

"ఇంకా చెప్పలేదు."

ఆమె మళ్ళీ గుడ్డ కట్టుకుంది. ఆ తర్వాత సాయంత్రం దాకా ఎవరూ నాతో మాట్లాడలేదు.

అత్త భయం వేరే రకం. పగటిపూట మేమెవరం లేనప్పుడు తలుపు గడియ పెట్టుకోవడం మొదలుపెట్టింది. అంతకు ముందు మా తలుపుకు గడియ ఉందన్న సంగతే మర్చిపోయాం. ఒక రోజు పని నుంచి వచ్చి ఎంత పిలిచినా తీయలేదు. నా గొంతే అని నమ్మకం కుదిరాకే తీసింది.

"ఎందుకత్తా గడియ? ఉక్కపోతగా ఉంటది గదా" అన్నాను.

"వాళ్ళొస్తే నువ్వుండవు, నా కొడుకుండడు. చేయి పట్టుకుని నడిరోడ్డు మీద కూర్చోబెట్టి పోతారు. అక్కడ నుంచి నాకు ఏ దిక్కు ఏదో తెలవదు. నేను బయటికి రాను. కొడితే నాతో పాటే కొట్టమను."

ఆమె ఆ మాట గట్టిగా అనలేదు. మామూలుగా, కూరలో ఉప్పు చాలదని చెప్పినట్టు చెప్పింది.  కళ్ళున్న నాకే ఎక్కడికి వెళ్తామో తెలియనప్పుడు ఆమెకు ధైర్యం ఏమని చెప్పాలి?

వానాకాలం చివర్లో కమిషనర్ గారు మళ్ళీ పిలిచారు. ఈసారి స్థలం గురించి. కౌన్సిల్ హాల్లో గోడకు ఊరి పటం తగిలించారు. మా ఊరిని అలా పై నుంచి చూడటం నాకు అదే మొదటిసారి. మా వాగు అందులో సన్నటి నీలం గీత. మా ఇళ్ళున్న చోట ఏమీ లేదు, ఖాళీ. నాకు ఏదోలా అనిపించింది.

ఇంజనీరు గారు ఒక కర్రతో రెండు చోట్లు చూపించారు. ఒకటి ఊరికి బాగా దూరంగా, పత్తి చేల మధ్య. అక్కడ భూమి ఎక్కువ దొరుకుతుంది కాబట్టి ఎవరి ఇల్లు వాళ్ళకు విడిగా కట్టొచ్చు. రెండోది ఊరి చివర, కోల్డ్ స్టోరేజీల వెనక, ఒకప్పుడు మున్సిపాలిటీ చెత్త పోసిన స్థలం. అది చిన్నది. అక్కడైతే ఒకదాని మీద ఒకటి మూడంతస్తులు కట్టాలి.

"రెండింటికీ మంచీ చెడూ ఉన్నాయి. ప్రస్తుతానికి చేల వైపే మొగ్గుగా ఉంది. మీరేమంటారు?" అని కమిషనర్ గారు అడిగారు.

 కుర్చీల్లో కూర్చోవడమే కొత్త మాకు. పత్తి చేల మధ్య నుంచి తెల్లారేసరికి పనికి ఎలా వస్తాం? పిల్లలు బడికి ఎలా వెళ్తారు? మూడంతస్తులైతే మా అత్త మెట్లు ఎలా ఎక్కుతుంది? అన్నీ నా గొంతులోనే ఉన్నాయి. లేచి నిలబడ్డాను. నోరు ఎండిపోయింది. "అయ్యా, మా ఇంట్లో ఒక పెద్దామె..." అన్నాను.

అప్పుడే అటెండరు లోపలికి వచ్చి కమిషనర్ గారి చెవిలో ఏదో చెప్పాడు. ఆయన నా వైపు చూసి, "అమ్మా, వాగు పొంగుతోందంట" అన్నారు.

నేను కిటికీలో నుంచి చూశాను. బయట ఎండ కాస్తోంది. ఒక్క చినుకు లేదు. పై ఊళ్ళల్లో, కొండల వైపు పొద్దుటి నుంచి కురిసిందని తర్వాత తెలిసింది. ఎండ చూసి ఒక్క క్షణం నమ్మలేదు. మరుక్షణం అత్త గుర్తొచ్చింది. మా ఆయన ఆ రోజు ప్రత్తిపాడు వెళ్ళాడు, పత్తి లోడుకి. మా పాప బడిలో ఉంది, బడి మెరక మీద. ఇంట్లో అత్త ఒక్కతే, గడియ పెట్టుకుని.

ఎలా పరిగెత్తానో చెప్పలేను. చెప్పులు ఎక్కడో పోయాయి. మార్కెట్టు సందులో ఒక సైకిలుకు తగులుకుని పడ్డాను. కట్ట దగ్గరికి వచ్చేసరికి ఆ చప్పుడు వినిపించింది. వందల బండ్లు రాళ్ళ మీద పోతున్నట్టు చప్పుడు. నీళ్ళు ఎర్రమట్టి రంగులో, మీద పత్తి కట్టె, గడ్డి మోపులు, ఎవరిదో కోళ్ళ గంప. లోపలి వాలులో ఇళ్ళకు అప్పటికే మోకాలి లోతు. జనం పిల్లలను చంకనేసుకుని, వంట గిన్నెలు నెత్తిన పెట్టుకుని కట్ట మీదికి ఎక్కుతున్నారు.

మా వాకిట్లో నలుగురైదుగురు మగవాళ్ళు తలుపు బాదుతున్నారు. "బయటికి రా! బయటికి రావే ముసలమ్మా!" అని అరుస్తున్నారు. లోపల నుంచి మా అత్త తిట్లు. అప్పుడు నాకు అర్థమైంది. అన్ని నెలలుగా ఆమె భయపడిన రోజు ఇలాగే ఉంటుందని ఆమె అనుకుంది. మగవాళ్ళ అరుపులు, తలుపు బాదుడు, బయట మోత. మిషను వచ్చిందనుకుంది.

నేను నీళ్ళల్లో దిగి తలుపుకు నోరు పెట్టి అరిచాను.

"అత్తా, నేనే! తలుపు తియ్యి!"

లోపల తిట్లు ఆగాయి. తర్వాత ఆమె గొంతు, చాలా దగ్గర నుంచి.

"నువ్వే తీసుకొచ్చావా వాళ్ళను?"

ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఆమె కోపంతో అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది.

"ఎవరినీ తేలేదత్తా. వాగు పొంగింది. నీ కాళ్ళ దగ్గర నీళ్ళు చూసుకో!"

"తెలుసులే. నీళ్ళు వదిలి వెళ్ళగొడతన్నారు. నేను మంచమెక్కి కూర్చుంటా. రానని చెప్పు వాళ్ళకు."

ఆమె గొంతు దూరమైంది. నిజంగానే మంచం ఎక్కిందని తెలిసింది. నీళ్ళు నా నడుము దాకా వస్తున్నాయి. తలుపు మీద చేతులు పెట్టి నెడుతున్నాను గానీ, అది లోపలికి తెరుచుకునే తలుపు కాదు. గోడ కింది మట్టి మెత్తబడి నా పాదాల కింద జారుతున్నట్టు తెలుస్తోంది. ఆ గోడ ఇప్పుడు పడితే ఆమె మీద పడుతుంది. నేను ఏడుస్తున్నాను. ఏమని పిలుస్తున్నానో నాకే తెలియదు. అత్త అనో, దేవా అనో.

అప్పుడు పక్కింటి అన్న నన్ను భుజం పట్టి పక్కకు లాగాడు. "పక్కకు జరుగమ్మా" అని ఉమ్మడి గోడ మీద కాలు పెట్టి మా కప్పు మీదికి పాకాడు. తాటాకులు రెండు చేతులతో పీకి పారేశాడు. ఆ కంతలో నుంచి ఆ భారీ మనిషి లోపలికి దూకాడు. ధబ్బుమని నీళ్ళల్లో పడ్డ చప్పుడు. వెంటనే అత్త కేక, ఆ వెంటనే అన్న కేక. మా అత్త పొయ్యి దగ్గరి కట్టెపేడు ఒకటి మంచం మీద పెట్టుకుని కూర్చుందట. దూకినవాడి తల మీద బలంగా కొట్టింది.

అన్న లోపల నుంచి గడియ తీసేసరికి ఆయన నుదురు నుంచి రక్తం కారుతోంది. ఒక చేత్తో అత్తను బస్తాలా భుజాన వేసుకున్నాడు. ఆమె ఆయన వీపు మీద గుద్దుతూనే ఉంది. "వదలరా, దొంగ సచ్చినోడా, నా ఇల్లు!" అని అరుస్తూనే ఉంది. మేము కట్ట మీదికి చేరి ఆమెను కింద దించాక, వాగు గాలి, నీటి తుంపర ఆమె ముఖానికి తగిలాయి. చెయ్యి ముందుకు చాపింది. కాసేపు విన్నది.

"వాగా?" అంది.

"వాగేనత్తా."

"మిషను లేదా?"

"లేదు."

ఆమె నేల మీద కూలబడింది. నేను ఆమె పక్కనే కూర్చున్నాను.  మేము చూస్తుండగానే మా ముందు గోడ మెల్లగా వంగి, చప్పుడు కూడా పెద్దగా లేకుండా నీళ్ళల్లోకి కరిగిపోయింది. ఆమెకు చెప్పలేదు. చెప్పకుండానే, "పడిందా?" అని అడిగింది. పడిందన్నాను.

దేవుడి దయ వల్ల మా కట్ట మీద మనుషులెవరూ పోలేదు. అందరినీ మున్సిపల్ హైస్కూల్లో పెట్టారు. మా ఆయన సాయంత్రానికి వచ్చి, మమ్మల్ని ముగ్గుర్నీ చూసి, గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. అత్త మాత్రం పక్కింటి అన్నను పిలిపించి, నుదుటి మీద కట్టు తడిమి చూసి, "ఇంకాస్త మెల్లగా దూకొచ్చుగదరా" అంది. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. ఆ నవ్వులో నాకు మాత్రం ఏడుపొచ్చింది.

మర్నాడు కమిషనర్ గారు, ఇంజనీరు గారు బడికి వచ్చారు. పులిహోర పొట్లాలు పంచడం అయ్యాక కమిషనర్ గారు నన్ను గుర్తుపట్టారు.

"నిన్న మీరు లేచి నిలబడ్డారు. ఏం చెప్పబోయారమ్మా?"

కౌన్సిల్ హాల్లో ఎండిపోయిన నోరు అక్కడ ఎండలేదు. చుట్టూ మావాళ్ళే. బట్టలన్నీ తడి, తలలు చిందరవందర. ఇక పోయేదేముంది అనిపించింది.

"భయమేస్తుందండీ. మొన్నటి దాకా మీరు మమ్మల్ని తీసేస్తారని భయం. నిన్నటి నుంచి ఇక్కడే ఉండిపోతామేమోనని భయం. గోడ మీద నంబరు వేశారు గానీ ఎక్కడికి పోతామో చెప్పలేదు. మా అత్త మీరు పంపిన మిషను వచ్చిందనుకుని తలుపు తీయలేదండీ. నీళ్ళల్లో కూర్చుంది."

 ఆయన ఇంజనీరు గారిని అక్కడే అన్నీ చెప్పమన్నారు. ఇంజనీరు గారు పిల్లల బెంచీ మీద కూర్చుని నల్లబల్ల మీద సుద్దముక్కతో రెండు స్థలాలూ గీశారు. చేల వైపు బస్సు లేదని, నల్లరేగడి కాబట్టి పునాదికి పని ఎక్కువని, చెత్త యార్డు దగ్గరైనా మెట్లు తప్పవని చెప్పారు.

"చెత్త మీద కడితే నిలబడుద్దా అయ్యా?" అని కట్టు కట్టుకున్న అన్న అడిగాడు.

"చెత్తంతా తీసేసి గట్టి నేల తగిలేదాకా తవ్వుతాం. ఎంత లోతులో తగులుతుందో తవ్వితేగానీ చెప్పలేను" అన్నారు ఇంజనీరు గారు. ఆ మాటకు మాకు భయమూ వేసింది, ఆయన మీద నమ్మకమూ కలిగింది. తెలియదని చెప్పిన ఆఫీసరును నేను చూడటం అదే మొదలు.

జనం దాదాపు అందరూ చెత్త యార్డే అన్నారు. పని దగ్గర, బడి దగ్గర. అప్పుడు మా అత్త గొంతు వినిపించింది.

"అయ్యా, నన్ను మటుకు పైకెక్కించొద్దు. నాలాంటి వాళ్ళను మంచం మీద పైకి మోస్తే, పోయాక మళ్ళీ మంచం మీదే దించుతారు."

 కమిషనర్ గారు ఆమె దగ్గరికి వచ్చి వంగి, "పెద్దమ్మా, చూపు లేనివాళ్ళకూ నడవలేనివాళ్ళకూ కింది ఇళ్ళే ఇస్తాం. మిగిలినవాళ్ళకు చీటీలు వేస్తాం" అన్నారు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని, వేళ్ళు తడిమి, "మాట గదా?" అంది. "మాటే" అన్నారాయన.

మాట నిలబడింది గానీ వెంటనే కాదు. అనుమతులు రావాలి, టెండర్లు పిలవాలి అన్నారు. మేము మళ్ళీ కట్ట మీదికే వెళ్ళాం. గోడ మళ్ళీ పెట్టుకున్నాం. ఈసారి ఇంకాస్త పైన, కట్టకు దగ్గరగా. పడమట మబ్బు పడితే చాలు, మా ఆయన పని మానేసి ఇంటి దగ్గరే ఉండేవాడు. కమిషనర్ గారికి బదిలీ అయిందని తెలిసిన రోజు కట్ట మీద పొయ్యిలు వెలగలేదంటే అతిశయోక్తి కాదు. కొత్తాయన వచ్చి పాత మాట కాదంటాడేమోనని సంఘం ఆడవాళ్ళమంతా వెళ్ళి ఆయన గది ముందు కూర్చున్నాం. ఆయన కాదనలేదు. ప్లాను అలాగే ఉందన్నారు.

యార్డులో తవ్వేటప్పుడు మమ్మల్ని వచ్చి చూడమన్నారు. వెళ్ళాం. ఎక్కడెక్కడి కుళ్ళు, ప్లాస్టిక్కు, నల్లటి ఊట నీళ్ళు. ఆ గుంట అంచున ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. ఇందులో పిల్లలను పెట్టుకుని ఎలా పడుకుంటామా అని వచ్చేశాను. మళ్ళీ కొన్నాళ్ళకు వెళ్తే అడుగున ఎర్రటి గరుసు నేల కనపడింది. పక్కింటి అన్న గుంటలోకి దిగి మడమతో తన్ని చూశాడు. పైకి వచ్చి, "గట్టిదే" అన్నాడు. అప్పటి నుంచి కట్ట మీద జనం ఆయన మాటే నమ్మారు. గరుసును తన్నింది ఆయన కాబట్టి.

మూడు అంతస్తులు లేచాక, సున్నం కొట్టి, అందరి ముందూ చీటీలు తీశారు. మాకు ముందే కింది ఇల్లు ఖాయమైంది. పక్కింటి వాళ్ళకు సరిగ్గా మా నెత్తి మీద ఇల్లు వచ్చింది. కొందరికి మూడో అంతస్తు వచ్చి ఏడ్చారు. అత్త వల్ల మాకు కింద దొరికిందని గొణిగినవాళ్ళూ ఉన్నారు. చూపు లేకపోవడం ఎవరైనా కోరుకుంటారా అని ఒకరిద్దరితో గొడవపడ్డాను. తర్వాత మానేశాను. వాళ్ళ భయం వాళ్ళది.

కొత్త ఇంట్లో అత్త మొదటి రోజంతా గోడలు తడిమింది. "ఎంత నున్నగా ఉందే, ఎక్కడున్నానో చెప్పట్లేదు" అంది. పాత గోడకు గుంటలుండేవి, మట్టితో మెత్తిన అతుకులుండేవి. అవే ఆమెకు గుర్తులు. వంటగదికి పక్కనే మరుగుదొడ్డి ఉందంటే ఒప్పుకోలేదు. "వండుకునే చోట అదేం పని" అని చాలా రోజులు బయటికే వెళ్తానని పట్టుబట్టింది. ముందు గది నుంచి అక్కడి దాకా మా పాప చెయ్యి పట్టుకుని తిప్పి తిప్పి నేర్పింది.

అన్నిటికంటే ఆమెను భయపెట్టింది కప్పు. పుట్టిన దగ్గర నుంచి ఆమె నెత్తి మీద తాటాకు తప్ప ఇంకేమీ లేదు. ఆ తాటాకు మీద నడిచేవి పిల్లులు, ఎలుకలు. ఇక్కడ మనుషులు. పై ఇంట్లో పిల్లలు పరిగెత్తితే, ఎవరైనా బిందె జరిపితే ఆమె రెండు చేతులూ తల మీద పెట్టుకుని ముడుచుకుపోయేది.

"పడతది. మీద పడతది" అనేది.

పడదని మేమెంత చెప్పినా వినలేదు. నిజం చెప్పొద్దూ, ఆమెను చూసి నేనూ పైకి చూడటం మొదలుపెట్టాను. స్లాబు మీద చిన్న తడి మచ్చ కనపడినా స్టూలు ఎక్కి తడిమి చూసేదాన్ని. ఇంజనీరు గారిని పిలిచి చూపించాను. కొత్త సిమెంటు ఆరేటప్పుడు అలాగే ఉంటుందన్నారు. ఆయన వెళ్ళాక మళ్ళీ చూశాను.

ఒక మధ్యాహ్నం పైన ఏదో బరువైనది ఈడ్చిన చప్పుడు. అత్త అన్నం కంచం వదిలేసి కేక పెట్టింది. పై ఇంటి ఆమె, పక్కింటి అన్న భార్య, పరుగున కిందికి వచ్చింది. వాకిట్లో నిలబడి అత్తను చూసి, చేతులు కడుక్కోకుండానే వచ్చి పక్కన కూర్చుంది.

"నేనే అత్తా. బియ్యం డబ్బా జరిపాను."

"నువ్వా? నా నెత్తి మీద తిరిగేది నువ్వా?"

"నేనే. మా ఆయన, పిల్లలు. ఇంకెవరూ లేరు."

అత్త ఆమె మోచెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆ రోజు అక్కడే కూర్చోబెట్టుకుని అన్నం తిన్నది. ఆ తర్వాత పైన చప్పుడైనప్పుడల్లా తల మీద చేతులు పెట్టుకుంటూనే, కిటికీ వైపు తిరిగి గట్టిగా అడిగేది.

"ఏం చేస్తన్నావే?"

పై నుంచి జవాబు వచ్చేది, "మంచం వాలుస్తన్నా అత్తా!" అనో, "చిన్నోడు దూకాడు!" అనో. జవాబు వచ్చాక ఆమె మెల్లగా చేతులు దించేది. జవాబు రావడం ఆలస్యమైతే నేను చేస్తున్న పని ఆపి, ఆమెతో పాటు పైకి చూస్తూ ఉండేదాన్ని.